మీ కాళ్లకు సరిపడే ట్రెక్‌ను ఎంచుకోవడం ఎలా

ట్రెయిల్ పేరు పక్కన ‘ఈజీ’ అని కనబడగానే బ్యాగు సర్దుకోవడం మొదలుపెట్టకండి. ఆ మాట రాసింది ఎవరో, వాళ్ల కాళ్లకు ఎంత అలవాటుందో, ఏ కాలంలో వెళ్లొచ్చారో మనకు తెలియదు. వారం వారం కొండలెక్కే మనిషికి హాయిగా అనిపించిన దారే రోజంతా కుర్చీలో కూర్చుని పనిచేసే మనిషికి సగంలోనే చుక్కలు చూపించొచ్చు. ట్రెక్ ఎంపికలో చూసుకోవాల్సినవి రెండు, మీరు ఎంత నడవగలరు, ఆ దారి మీతో ఎంత నడిపిస్తుంది. చాలామంది మొదటిదాని జోలికే పోరు, రెండోదాంట్లో కిలోమీటర్లు ఒక్కటే చూసి సరే అనేస్తారు, తీరా అక్కడికెళ్లాక తంటాలన్నీ మొదలవుతాయి.

ముందు మీ సంగతి తేల్చుకోండి

‘నేను ఫిట్‌గానే ఉంటాను’ అనేది లెక్క కాదు. ట్రెక్‌కు వేసుకెళ్లాలనుకుంటున్న బూట్లే వేసుకుని, మోయాలనుకుంటున్న బరువే వీపున వేసుకుని, చదునుగా ఉన్న చోట ఒక 8 కిలోమీటర్లు నడవండి. టైము రాసుకోండి. నడుస్తూ పక్కవాళ్లతో పూర్తి వాక్యాలు మాట్లాడగలుగుతుంటే ఆ వేగం మీరు గంటల తరబడి నిలబెట్టుకోగలిగిన వేగం. రెండు మూడు మాటలకే ఆగి ఊపిరి తీసుకోవాల్సి వస్తోందంటే వేగం ఎక్కువైనట్టే. కొండ మీద కూడా ఇదే కొలత పనికొస్తుంది, గడియారాల్లోని హార్ట్‌రేట్ అంకెల కంటే నేను దీన్నే ఎక్కువ నమ్ముతాను.

తర్వాత మెట్లు. భవనంలో ఒక అంతస్తు ఎత్తు సుమారు 3 మీటర్లు అనుకుంటే, పది అంతస్తులు పదిసార్లు ఎక్కితే 300 మీటర్ల ఎక్కుడు. అన్నీ ఒకే రోజు ఎక్కమనడం లేదు, ముందు మూడుసార్లు ఎక్కి చూడండి, తర్వాత ఐదుసార్లు. బరువుతో సహా గంటలో 300 మీటర్ల ఎత్తు నిలకడగా ఎక్కగలిగితే మొదటి ట్రెక్‌లకు సరిపోతుంది. ఎక్కడానికి లిఫ్టు వాడకండి సరే, దిగడానికి కూడా వాడకండి. అసలు పరీక్ష దిగేటప్పుడే ఉంటుంది. దిగుతున్నప్పుడు తొడ కండరాలు శరీరాన్ని ఆపుతూ అదే సమయంలో సాగుతూ ఉంటాయి, కండరానికి ఎక్కువ దెబ్బ తగిలేది అలాంటి పనిలోనే. ఆ నొప్పి అప్పటికప్పుడు తెలియదు, ఒకటి నుంచి మూడు రోజుల మధ్య బయటపడుతుంది. కాబట్టి మెట్ల పరీక్ష ఫలితం ఆ సాయంత్రం చూడకండి, రెండో రోజు పొద్దున మంచం మీంచి లేచేటప్పుడు చూడండి.

ఇంకో సంగతి, ఇది చాలామంది పైకి చెప్పుకోరు. ఎత్తు నుంచి కిందికి చూస్తే కళ్లు తిరుగుతాయా? పాత మోకాలి దెబ్బ ఏదైనా ఉందా? ఆస్తమా, గుండె సమస్య, బీపీ మందులు ఉంటే డాక్టర్ని అడగాలని తెలిసిందే, కానీ ఎత్తు భయం గురించి ఏ డాక్టరూ అడగడు. అది మీరే ఒప్పుకుని లెక్కలో వేసుకోవాలి. అందులో తప్పేం లేదు, ఇరుకు అంచుల మీద నడిపించని దారులు బోలెడన్ని ఉన్నాయి.

కిలోమీటర్ల వెనక దాక్కున్న ఎక్కుడు

స్కాట్లాండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో ఒక మోటు లెక్క చెప్పాడు, ఇప్పటికీ అదే నడుస్తోంది. మెట్రిక్‌లో చెప్పాలంటే ప్రతి 5 కిలోమీటర్లకు ఒక గంట, దాని మీద ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకు ఇంకో గంట. రానుపోను 10 కిలోమీటర్లు, 700 మీటర్ల ఎక్కుడు ఉన్న దారి తీసుకుందాం. నడకకు 2 గంటలు, ఎక్కుడుకు 1 గంట 10 నిమిషాలు, మొత్తం 3 గంటల 10 నిమిషాలు. కానీ ఇది అలవాటున్న మనిషి ఎక్కడా ఆగకుండా, మంచి దారిలో నడిస్తే పట్టే టైము. కొత్తవాళ్లయితే దీన్ని ఒకటిన్నర రెట్లు చేయండి, అంటే దాదాపు 4 గంటల 45 నిమిషాలు, ఆపైన కూర్చోవడాలు, తినడాలు, ఫొటోలు కలిపితే 6 గంటలు. ‘10 కిలోమీటర్లే కదా, రెండు గంటల్లో అయిపోతుంది’ అనుకుని మధ్యాహ్నం బయల్దేరినవాళ్లు చీకట్లో ఫోన్ లైటు పట్టుకుని దిగేది ఇందుకే.

నైస్మిత్ దిగుడును పట్టించుకోలేదు. తర్వాత ఎరిక్ లాంగ్‌మ్యూర్ అనే ఆయన దాన్ని సరిచేశాడు: వాలు కొద్దిగా ఉంటే ప్రతి 300 మీటర్ల దిగుడుకు 10 నిమిషాలు తీసేయాలి, వాలు బాగా నిటారుగా, అంటే 12 డిగ్రీలు దాటి ఉంటే 10 నిమిషాలు కలపాలి. దిగడం ఎప్పుడూ సులువేననే నమ్మకానికి ఇంతకంటే మంచి జవాబు లేదు. మోకాళ్లు అంత గట్టివి కాకపోతే ఆ 10 నిమిషాలను 20 చేసుకోండి, ఏమీ నష్టం లేదు.

ఇప్పుడు జాగ్రత్తగా చూడాల్సిన విషయం. ‘ఎక్కుడు’ అని రాసిన అంకె మొత్తం ఎక్కుడా, లేక మొదలుకూ శిఖరానికీ మధ్య తేడానా? మొదలయ్యే చోటు 900 మీటర్ల ఎత్తులో, శిఖరం 1,300 మీటర్లలో ఉందనుకోండి. తేడా 400 మీటర్లు. కానీ మధ్యలో దారి మూడుసార్లు 150 మీటర్ల చొప్పున కిందికి దిగి మళ్లీ ఎక్కితే వెళ్లేటప్పుడు ఎక్కాల్సింది 850 మీటర్లు. అంతటితో అయిపోలేదు, ఆ దిగిన 450 మీటర్లు తిరిగొచ్చేటప్పుడు ఎక్కుడుగా మారతాయి, అప్పటికి కాళ్లలో సత్తువ సగం కూడా ఉండదు. రానుపోను కలిపితే 1,300 మీటర్లు! 400 అనుకుని వెళ్లిన మనిషి పరిస్థితి ఊహించుకోండి. జీపీఎస్ యాప్‌లలో ఇద్దరు రికార్డు చేసిన ఒకే దారికి రెండు వేర్వేరు ఎక్కుడు అంకెలు రావడం మామూలే, సిగ్నల్ అటూ ఇటూ ఊగితే అదీ ఎక్కుడులో కలిసిపోతుంది. అందుకని ఒక్క అంకె చూసి నమ్మకుండా ఎత్తుల గ్రాఫ్ ఉంటే దాన్ని చూడండి, ఎన్నిసార్లు లేచిందో, ఎన్నిసార్లు పడిందో కంటికే తెలుస్తుంది.

మొత్తం ఎక్కుడు తెలిశాక, అది ఎక్కడెక్కడ ఉందో చూడండి. రెండు దారులున్నాయి, రెండూ వెళ్లడానికి 4 కిలోమీటర్లు, రెండింటికీ 400 మీటర్ల ఎక్కుడు. మొదటిది కిలోమీటరుకు 100 మీటర్ల చొప్పున సమంగా లేస్తుంది, అది 10 శాతం వాలు, నిదానంగా నడిస్తే ఎవరికైనా పట్టుబడుతుంది. రెండోది మొదటి 3 కిలోమీటర్లు చదునుగా సాగి, చివరి ఒక్క కిలోమీటరులో 400 మీటర్లూ ఎక్కిస్తుంది. 40 శాతం వాలు. అక్కడ ప్రతి అడుగుకీ మోకాలు పైకెత్తాలి, కొన్నిచోట్ల చేతులు కూడా కావాలి. సగటు చూస్తే రెండూ ఒకటే.

మ్యాప్‌లో దీన్ని చూసేది కాంటూర్ గీతల్లో. ఒక్కో గీత ఒకే ఎత్తులో ఉన్న చోట్లను కలుపుతుంది. పక్కపక్క గీతల మధ్య ఎత్తు తేడా ఎంతో మ్యాప్ మూల మీద రాసి ఉంటుంది, సాధారణంగా ప్రతి ఐదో గీత లావుగా గీస్తారు. మీ దారి ఆ గీతలను అడ్డంగా కోసుకుంటూ వెళ్తోంది, గీతలేమో ఒకదాన్నొకటి అంటుకుపోయినంత దగ్గరగా ఉన్నాయి, అంటే అక్కడ నిట్టనిలువు. గీతల పక్కనే సాగుతోందంటే కొండ చుట్టూ చదునుగా తిప్పుతోందన్నమాట. దారిని వేలితో మొదలు నుంచి చివరి దాకా రాసుకుంటూ పోయి లావు గీతలు ఎన్ని దాటిందో లెక్కపెడితే చాలు, ఎవరి రేటింగూ అక్కర్లేదు.

లెక్కలంటే ఇష్టమున్నవాళ్లకు ఇంకోటి. అమెరికాలోని షెనాండో నేషనల్ పార్క్ వాళ్లు ఎక్కుడును అడుగుల్లో, దూరాన్ని మైళ్లలో తీసుకుని, రెండింటినీ గుణించి, రెండుతో హెచ్చించి, వర్గమూలం తీస్తారు. 50 లోపు వస్తే చాలా సులువు, 100 దాకా మధ్యరకం, 150 దాకా కాస్త కష్టం, 200 దాకా కష్టం, ఆపైన చాలా కష్టం. పైన చెప్పిన 10 కిలోమీటర్లు, 700 మీటర్ల దారి అంటే సుమారు 6.2 మైళ్లు, 2,300 అడుగులు, లెక్క 169 దగ్గర తేలుతుంది. ‘కష్టం’. విన్నప్పుడు ఎంత చిన్నగా అనిపించింది!

కాలి కింద ఏముంది?

దూరం, ఎక్కుడు రెండూ సరిపోయాయని దారి ఖాయం చేసుకోకండి. గట్టి మట్టి బాట మీద గంటకు 4 కిలోమీటర్లు నడిచే మనిషి బండరాళ్ల మీద ఒక కిలోమీటరు దాటడానికే గంట తీసుకోవచ్చు. చెట్ల వేళ్లు, తడి ఆకులు, కాలు పెడితే జారిపోయే గులకరాళ్ల వాలు, మోకాలి లోతు వాగులు, ఇవేవీ ఎత్తుల గ్రాఫ్‌లో కనబడవు. ఇవి తెలియాలంటే ఫొటోలు చూడాలి, అదీ శిఖరం మీద చేతులు చాపి దిగినవి పక్కన పెట్టి, వెనకాల నేల కనబడే ఫొటోలు వెతకాలి. నడుస్తున్న మనుషుల చేతులు చూడండి. జేబులో ఉన్నాయా, రాయిని పట్టుకున్నాయా?

గ్రేడ్లను కూడా ఈ కోణంలోనే చదవాలి. స్విస్ ఆల్పైన్ క్లబ్ వాళ్ల టీ1 నుంచి టీ6 దాకా ఉన్న స్కేల్ దారి ఎంత పొడవో చెప్పదు, నేల ఎంత కష్టమో, కాలు జారితే ఏమవుతుందో చెబుతుంది. కాబట్టి టీ1 అయినా 25 కిలోమీటర్లు ఉంటే కొత్తవాళ్లు కూలబడిపోతారు, టీ4 అయి 5 కిలోమీటర్లే ఉన్నా కొత్తవాళ్లు వెళ్లకూడదు. స్విట్జర్లాండ్‌లో దీన్ని రంగులతో గుర్తుపట్టొచ్చు, పసుపు బోర్డులు మామూలు నడక దారులకు, తెలుపు-ఎరుపు-తెలుపు కొండదారులకు, తెలుపు-నీలం-తెలుపు అనుభవం లేనిదే అడుగుపెట్టకూడని వాటికి. అమెరికాలో క్లాస్ 1 నుంచి 5 దాకా చెబుతారు: క్లాస్ 1 మామూలు నడక, 2లో అప్పుడప్పుడు చేతి ఆసరా, 3లో చేతులతో పట్టుకుని పాకడం, 4 నుంచి తాడు మాట వస్తుంది, 5 అంటే పూర్తిగా రాక్ క్లైంబింగ్. ఆస్ట్రేలియాలో గ్రేడ్ 1 నుంచి 5 దాకా ఉంటాయి, అక్కడ మెట్లు, నేల, దారి గుర్తులు, కావాల్సిన అనుభవం కూడా చూస్తారు. ఒక దేశం గ్రేడ్ 3ని ఇంకో దేశం గ్రేడ్ 3తో పోల్చడం దండగ, ఆ అంకె దేన్ని కొలుస్తోందో ముందు చదవండి.

దారిలో అతి కష్టమైన 100 మీటర్లు ఏమిటో కనుక్కోండి, మీరు దాటాల్సింది వాటిని కూడా. అమెరికాలోని యోసెమిటీ నేషనల్ పార్క్‌లో ఉన్న హాఫ్ డోమ్ అనే రాతి కొండ దీనికి మంచి ఉదాహరణ. మైళ్ల కొద్దీ సాగే దారి చివర, సుమారు 120 మీటర్ల నున్నటి గ్రానైట్ వాలు మీద రెండు ఇనుప కేబుళ్లు పట్టుకుని ఎక్కాలి. కాళ్లలో ఎంత బలమున్నా అక్కడ కింద లోయ చూసి చేతులు బిగుసుకుపోతే ముందుకూ వెళ్లలేరు, వెనక వరుసలో జనం ఉంటే వెనక్కి రావడానికీ వీలవదు. వాన పడి ఆ రాయి తడిసిందంటే ఇంకా ప్రమాదం. మీ దారిలో అలాంటి ముక్క ఉందేమో, ఉంటే అది మొదట్లో ఉందా చివర్లో ఉందా ముందే తెలుసుకోండి.

ఎత్తు, ఎండ, వాన

2,500 మీటర్లు దాటాక ఆట మారుతుంది. తలనొప్పి, వికారం, నిద్ర పట్టకపోవడం, ఇవి ఫిట్‌నెస్ చూసి రావు. మారథాన్ పరిగెత్తే కుర్రాడికి వచ్చి, వెనకాల నింపాదిగా నడిచే పెద్దాయనకు రాకపోవచ్చు. 5,500 మీటర్ల దగ్గర గాలి ఒత్తిడి సముద్రమట్టంతో పోలిస్తే దాదాపు సగమే. 5,895 మీటర్ల కిలిమంజారో మీదికి మామూలు దారుల్లో తాళ్లూ గొడ్డళ్లూ అక్కర్లేదు, నడిచే వెళ్లొచ్చు, అయినా చాలామంది శిఖరం చేరకుండానే వెనుదిరుగుతారు, కారణం ఎక్కువగా ఎత్తే. ఎత్తైన చోట్ల రోజుల ట్రెక్ ఎంచుకునేటప్పుడు రోజువారీ ప్లాన్ తెరిచి రాత్రి పడుకునే ఎత్తులు చూడండి. 3,000 మీటర్లు దాటాక పడుకునే ఎత్తు రోజుకు 500 మీటర్ల కంటే ఎక్కువ పెరగకూడదు, మూడు నాలుగు రోజులకు ఒక రోజు ఆగాలి. ‘తక్కువ రోజుల్లో పూర్తి’ అని ఊరించే ప్యాకేజీల్లో తీసేసేవి సరిగ్గా ఆ ఆగే రోజులే. రెండు ప్లాన్లు ఉంటే ఎక్కువ రోజులది తీసుకోండి.

1,000 మీటర్లు పైకి వెళ్తే చలి సుమారు 6.5 డిగ్రీల మేర పెరుగుతుంది, కింద చొక్కా ఒక్కటే సరిపోయే రోజున కూడా పైన గాలికి వణికిపోతారు. ఇదే తిరగేస్తే లోయలోకి దిగే దారులు. గ్రాండ్ కాన్యన్‌లో అంచు మీద హాయిగా ఉంటుంది, దిగేకొద్దీ వేడి పెరుగుతుంది, తీరా ఒళ్లు అలిసిపోయి, ఎండ నడినెత్తికి వచ్చిన వేళకు ఎక్కుడు మొదలవుతుంది. దిగడానికి పట్టిన టైముకు రెట్టింపు ఎక్కడానికి పెట్టుకోవాలని, పైనుంచి నది దాకా వెళ్లి అదే రోజు తిరిగి రావద్దని అక్కడి పార్క్ వాళ్లు చెబుతారు. ముందు దిగి తర్వాత ఎక్కే దారులను కొత్తవాళ్లకు నేనసలు చెప్పను. మామూలు కొండ మీద ఓపిక అయిపోతే దిగిపోవచ్చు, ఇక్కడ ఓపిక అయిపోయిన చోట అడుగున ఉంటారు.

కాలం మారితే దారీ మారుతుంది. ఎండల్లో రాళ్ల మీంచి గెంతి దాటిన వాగు వానల్లో మనిషిని కొట్టుకుపోయేలా పారుతుంది. మంచు కరిగి పారే వాగులైతే రోజులోనే తేడా, తెల్లవారుజామున తక్కువగా ఉండి మధ్యాహ్నానికి ఉబ్బుతాయి. కాబట్టి ఎవరైనా ‘చాలా బాగుంది, సులువే’ అని రాస్తే ముందు తేదీ చూడండి. మీరు వెళ్లబోయే నెలలోనే వెళ్లొచ్చినవాళ్లు ఏం రాశారో వెతకండి. నా అలవాటు ఏమిటంటే పొగడ్తలు వదిలేసి తిట్లు చదవడం, ‘నీళ్లు దొరకలేదు’, ‘గుర్తులు లేవు, దారి తప్పాం’, ‘చివర్లో బాగా జారుతోంది’ అన్న ఒక్కో మాట పది ఫైవ్‌స్టార్ రేటింగుల కంటే ఉపయోగం. యాప్‌లో టైము చూసేటప్పుడు కూడా అది మొత్తం టైమా, కదిలిన టైము మాత్రమేనా గమనించండి, విశ్రాంతి తీసేసి చూపించే అంకె అందంగానే ఉంటుంది మరి.

వెనక్కి రావడానికి వీలుందా?

మొదటి కొన్ని ట్రెక్‌లకు వెళ్లిన దారినే తిరిగొచ్చేవి ఎంచుకోండి. ఎక్కడ అనిపిస్తే అక్కడ వెనుదిరగొచ్చు, వచ్చే దారి ఎలా ఉంటుందో అప్పటికే తెలుసు. చుట్టు తిరిగి మొదటికి వచ్చే దారులు చూడ్డానికి బాగుంటాయి కానీ సగం దాటాక వెనక్కి వెళ్లినా ముందుకు వెళ్లినా ఒకటే, కష్టమైన ముక్క రెండో సగంలో ఉంటే ఇరుక్కుపోతారు. ఒక చోట మొదలై ఇంకో చోట తేలేవైతే అవతల బండి ఏర్పాటు కూడా కావాలి, ఆ బండి టైము మిమ్మల్ని తరుముతూ ఉంటుంది.

ఏ దారైనా సరే, వెనుదిరిగే టైము ఇంట్లో ఉండగానే ఖాయం చేసుకోండి. చీకటి పడే వేళ నుంచి వెనక్కి లెక్కపెట్టి, దిగడానికి పట్టే టైము, ఆపైన రెండు గంటలు చేతిలో ఉంచుకుంటే ఏ గంటకు తిరిగి బయల్దేరాలో వస్తుంది. 6 గంటలకు చీకటి, దిగడానికి 2 గంటలు అయితే 2 కల్లా ఎక్కడున్నా సరే వెనక్కి. శిఖరం ఎదురుగా కనబడుతున్నా సరే. లోయల్లో వెలుగు ఇంకా ముందే పోతుంది. ఆ టైముకు శిఖరం చేరేలా లేదని కాగితం మీదే తెలుస్తోందంటే ఆ దారి ఇప్పటికి మీది కాదు, చిన్నది చూసుకోండి.

గుంపుగా వెళ్తుంటే పైన చెప్పిన లెక్కలన్నీ అందరికంటే నిదానంగా నడిచేవాళ్లతో వేయాలి. సగటు తీయకండి. ముందున్నవాళ్లు ఆగి ఆగి నిలబడటం, వెనకవాళ్లు చేరగానే వీళ్లు లేచిపోవడం, దాంతో వెనకవాళ్లకు విశ్రాంతే దొరక్కపోవడం ప్రతి గుంపులోనూ చూస్తాం. పిల్లలుంటే దూరం సంగతి తర్వాత, మధ్యలో నీళ్లో, పెద్ద బండో, గుహో ఏదో ఒకటి ఉండే దారి చూడండి, ఊరికే నడవమంటే కిలోమీటరుకే మొండికేస్తారు.

అలవాటయ్యాక పెద్దవాటికి వెళ్లాలనిపిస్తుంది, వెళ్లండి, కానీ ఒక్కసారికి ఒక్కటే పెంచండి. దూరం పెంచితే ఎక్కుడు పాతదే ఉంచండి, రాళ్ల దారి మొదటిసారి అయితే పొడవు తగ్గించండి, 3,000 మీటర్ల పైకి మొదటిసారి వెళ్తుంటే నడక చాలా తేలికగా ఉన్నది చూడండి. 500 మీటర్ల ఎక్కుడు చేసి, మూడో రోజుకు మెట్లు దిగడం మామూలైపోతే తర్వాతిది 700 పెట్టుకోవచ్చు. మూడో రోజుకు కూడా గోడ పట్టుకుని దిగుతున్నారంటే ఇంకోసారి 500 దగ్గరే ఉండండి.

అన్నీ సరిపోయాయనుకున్నాక, బయల్దేరే ముందు రోజు రాత్రి మళ్లీ ఒకసారి చూడాల్సినవి ఉన్నాయి: దారి మూసేశారేమో, పర్మిట్ కావాలేమో, మధ్యాహ్నానికి ఉరుములు మెరుపులు ఉన్నాయేమో. వాతావరణం చూసేటప్పుడు కింది ఊరిది చూసి ఊరుకోకండి, శిఖరం ఎత్తుకు చెప్పే అంచనా దొరికితే అదే చూడండి. బాగోలేదంటే మార్చుకోవడానికి అదే వైపు ఉన్న చిన్న దారి ఒకటి ముందే ఎంచి, దాని మ్యాప్ కూడా ఫోన్‌లోకి దించి పెట్టుకోండి, పొద్దున సిగ్నల్ లేని చోట నిలబడి వెతుక్కునే పని ఉండదు.